చూస్తుండగానే రాలినవి

వంకాయలు కొనేటప్పుడు మీరు ముచ్చిక చూసి కొంటారు. ముచ్చిక పచ్చగా, బిగుసుకుని ఉంటే కాయ తాజాదని లెక్క. ఆ ముచ్చిక ఒకప్పుడు మొగ్గని కప్పి కాపాడిన తొడుగని, పువ్వు వాడిపోయినా, కాయ ముదిరినా, చివరికి గుత్తికూరలో ఉడికినా అది కాయని వదిలిపెట్టదని ఎప్పుడైనా గమనించారా? గమనించకపోతే మిమ్మల్నేమీ అనను. బోటనీ చదివిన మా పిల్లలే గమనించేవారు కారు. దానికి పుస్తకంలో ఉన్న మాట మాత్రం గడగడా అప్పజెప్పేవారు.

చూడకుండా చెప్పేవాళ్ళని చూసి చెప్పేవాళ్ళుగా మార్చడమే నా ఉద్యోగం. చాలాసార్లు ఓడిపోయాను. ఒక్క రోజు మాత్రం గెలిచానో ఓడానో తేల్చుకోలేక ఇన్నాళ్ళూ మోశాను. అది మీకు చెబుదామనే కూర్చున్నాను.

అరవైల మొదట్లో మాట. నెల్లూరికి ఉత్తరాన, రైలుకట్టని ఆనుకుని ఉన్న చిన్న ఊళ్ళో కాలేజీ. అందులో నేను బోటనీ డిమాన్‌స్ట్రేటర్ని. ప్రాక్టికల్ క్లాసులకి మొక్కలు తెప్పించడం, మైక్రోస్కోపులు తుడిపించడం, పిల్లలు బ్లేడుతో వేళ్ళు కోసుకుంటే అయోడిన్ రాయడం నా పనులు. కాలేజీ మొత్తంలో ఆడమనిషిని నేనొక్కదాన్నే కాబట్టి తోటి లెక్చరర్లు దూరం నుంచే నమస్కారం పడేసి పక్కకి తప్పుకునేవారు. నాతో మామూలుగా మాట్లాడింది మా హెడ్డు గారొక్కరే.

ఆయన లావుపాటి మనిషి, పెద్ద మీసాలు, రిటైర్మెంటు దగ్గరపడింది. ఇంగ్లీషు పదాలకి ఇంటి సామెతలు కట్టడంలో ఆయన్ని మించినవాళ్ళని నేను చూడలేదు. మొగ్గని కప్పి ఉండే ఆకుపచ్చ రేకుల్ని ఇప్పుడు రక్షక పత్రాలంటున్నారు, మా రోజుల్లో సీపల్స్ అనేవాళ్ళం. కొన్ని పూలలో అవి మొగ్గ విచ్చగానే రాలిపోతాయి. కొన్నిటిలో పువ్వు పని ముగిసేదాకా ఉంటాయి. కొన్నిటిలో కాయ వచ్చినా వదలవు. దేని పేరు దానికుంది. పిల్లలు తికమక పడుతుంటే ఆయన బల్ల మీద చరిచి చెప్పేవారు.

"పెండ్లికొచ్చిన చుట్టాలు మూడు రకాలబ్బయా. విస్తరి ఎత్తంగానే చెప్పులేసుకునేవాళ్ళు కడ్యూకస్. అప్పగింతలయిందాకా ఉండి పోయేవాళ్ళు డెసిడ్యువస్. పెండ్లికూతురు కాన్పుకి పుట్టింటికొచ్చినా ఇంకా మన అరుగు మీదనే కూర్చోనుండేవాళ్ళు పర్సిస్టెంట్. ఇంకొకటుంది, మార్సెసెంట్. వాడిపోయి గూడా రాలకుండా యాలాడతా ఉండేది. అది ఎట్టుంటాదో చూడాలంటే నన్ను చూడండి."

పిల్లలు పగలబడి నవ్వేవారు. నవ్వు గుర్తుండేది, మాట గుర్తుండేది కాదు.

రాలడానికి మనకి మాటల కరువు లేదు. మామిడి పూత మాడింది, పిందె రాలింది, మునగ పూత గాలికి పోయింది, వరి తాలయింది అని ఇంట్లో పొద్దున లేస్తే వినేవాళ్ళే వాళ్ళంతా. పరీక్షలో అవి పనికిరావు. అక్కడ ఇంగ్లీషు పుస్తకంలో మాటే కావాలి. దాంతో పిల్లలు ఒక ఉపాయం కనిపెట్టారు. బల్ల మీద పెట్టిన మొక్క పేరేమిటో గుర్తుపట్టడం, ఆ కుటుంబానికి పుస్తకంలో ఉన్న వర్ణన మొత్తం కాగితం మీద కక్కేయడం. మొక్క వంక మళ్ళీ చూస్తే ఒట్టు.

హెడ్డు గారికి ఒక చెడ్డ అలవాటు కూడా ఉండేది. నోటి పరీక్షలప్పుడు యూనివర్సిటీ నుంచి వచ్చిన ఎగ్జామినరు వెనక నిలబడి, పెదవులు కదిపి పిల్లలకి జవాబు అందించేవారు. మా పిల్లలు ఎగ్జామినరు మొహంలోకి చూడకుండా ఆయన భుజం మీదుగా హెడ్డు గారి మీసాల కిందకి చూస్తూ జవాబు చెప్పేవారు. ఎన్నిసార్లు చెప్పినా మానలేదు. "నా ప్రాణం ఊరుకోదుమ్మా" అనేవారు.

ఇక ఆ అబ్బాయి సంగతి. ఊరు జువ్వలదిన్నె. చేపల వేట మీద బతికే కుటుంబం. చదువు ఆగుతూ సాగుతూ రావడంతో వయసు తోటివాళ్ళకన్నా బాగా ఎక్కువ. ఒకసారి డిగ్రీ ప్రాక్టికల్ తప్పాడు. అప్పుడు బల్ల మీద ఉమ్మెత్త పెట్టాం. వాడు అది వంకాయ కుటుంబమని పట్టాడు గానీ, వంకాయ వర్ణనే రాసి ఊరుకున్నాడు. తొడుగు కాయని వదలదు అని రాశాడు. ఉమ్మెత్తకి కాయ అడుగున చిన్న పట్టీ తప్ప తొడుగేదీ మిగలదు. ఆ కొమ్మకి కాయ కూడా ఉంది, వాడు తల తిప్పి చూస్తే చాలు. ఎగ్జామినరు ఆ కాయని వాడి కళ్ళ ముందు పెట్టి "ఎక్కడయ్యా తొడుగు?" అని అడిగారు. వాడు కాయ వంక అప్పుడు చూశాడు. తప్పాడు.

రెండోసారి పరీక్ష వచ్చేసరికి వాడికి మత్స్యశాఖ ట్రైనింగులో సీటు ఖాయమై ఉంది. డిగ్రీ చేతికొస్తే చేరడమే. ఈ మార్చిలో తప్పితే మళ్ళీ సెప్టెంబరు, సెప్టెంబరుకి వయసు దాటిపోతుంది, సీటు పోతుంది. వాడికి ఇంకో దారి లేదు.

అందుకని ఆ ఏడు వాణ్ణి నేను పట్టుకున్నాను. పుస్తకం ముయ్యమన్నాను. "నీకు తెలిసింది రాయొద్దు, కనపడింది రాయి" అన్నాను. వాడు సైకిలు మీద వస్తూ వస్తూ దిబ్బల మీద పాకే తీగలు, చెరువుగట్టు మీద కలుపు మొక్కలు తెచ్చేవాడు. బల్ల దగ్గర కూర్చుని లెన్సు పెట్టుకుని చూసేవాడు. చూడటం వాడికి ఇట్టే పట్టుబడింది. మాటలే నిలిచేవి కావు. ముఖ్యంగా కడ్యూకస్ అన్న మాట. పొద్దున చెబితే మధ్యాహ్నానికి రాలిపోయేది. "అదే మేడం, తొందరగా రాలేది" అనేవాడు. నేను కోప్పడేదాన్ని, వాడు తల గోక్కునేవాడు.

పరీక్షకి వచ్చిన ఎగ్జామినరు మళ్ళీ ఆయనే. గుంటూరు వైపు మనిషి, మెడ దాకా బొత్తాలు పెట్టిన కోటు, జేబులో యాలకులు. అబద్ధం చెప్పే పిల్లల్ని వాసన పట్టగలరని పేరు. మొక్క ఏదో ముందురోజు దాకా ఎవరికీ చెప్పకూడదు, తెల్లారుజామున మా అటెండరు గోనెసంచి తడిపి తీసుకెళ్ళి కోసుకొస్తాడు. ఆ రోజు ఎగ్జామినరు ఎంచుకున్నది బ్రహ్మదండి.

మా వైపు రైలుకట్ట పొడుగునా అదే. తెల్ల చారల ముళ్ళ ఆకు, పసుపుపచ్చ పువ్వు, ఎక్కడ గిల్లినా పసుపు పాలు. మొగ్గని మూడు ఆకుపచ్చ రేకులు కప్పి ఉంటాయి, ఒక్కోదానికి చివర చిన్న కొమ్ము; లోపల పసుపు రేకులు ఆరు. మొగ్గ విచ్చడం మొదలుపెట్టగానే ఆ మూడూ రాలిపోతాయి. కడ్యూకస్ అనే మాటకి అంతకన్నా మంచి సాక్ష్యం మా జిల్లాలో లేదు. విచ్చిన పువ్వుని చూస్తే తొడుగే లేదనిపిస్తుంది, పువ్వు రేకులు కూడా సంచిలో సగం రాలిపోతాయి. అందుకే ప్రతి పిల్లవాడికీ కొమ్మతోపాటు ఒక మొగ్గ తప్పనిసరిగా ఇస్తాం. లెక్క మొగ్గలోనే పెట్టుకోవాలి.

పొద్దున అంతా బాగానే జరిగింది. ఆ అబ్బాయి బల్ల తూర్పు కిటికీ కింద పడింది. ఆ కిటికీ గడియ ఊడి ఎన్నాళ్ళయిందో. ఎండెక్కాక సముద్రపు గాలి లేచింది. అటెండరు పరుగెత్తి అన్ని కిటికీలూ వేశాడు, అదొక్కటే పడలేదు. అట్ట ముక్క దోపాడు, గాలి దాన్ని కూడా తోసేసింది. బల్లల మీది కాగితాలు లేచాయి, నేల మీద పసుపు రేకులు దొర్లాయి. పిల్లలు అన్నిటి మీదా చేతులు అడ్డం పెట్టుకున్నారు.

ఎగ్జామినరు బల్ల బల్లకీ వస్తూ వాడి దగ్గర ఆగారు. కాగితం తీసి చదివారు. మళ్ళీ చదివారు. మొహం మారింది.

"సీపల్స్ ఎన్ని?"

"రెండు సార్."

"పెటల్స్?"

"నాలుగు సార్."

"చూపించు."

వాడు బల్ల మీద చూశాడు. కింద చూశాడు. సీపల్స్ పెట్టిన నల్ల కాగితమే లేదు. మొగ్గని నిలువునా కోయడంతో లోపలి రేకులు నలిగి పసుపు పాలల్లో ముద్దయిపోయాయి, వాటిని ఎవరూ లెక్కపెట్టలేరు.

"ఇక్కడే పెట్టినాను సార్. ముట్టుకోంగానే ఊడినాయి. గాలికి పోయుంటాయి."

నేను, అటెండరు, ఆఖరికి హెడ్డు గారు కూడా నేల మీద కూర్చుని వెతికాం. సీపల్స్‌కి కొదవ లేదు. అందరి బల్లల నుంచీ రాలినవి గోడవారన పోగుపడి ఉన్నాయి, ఎండకి ముడుచుకుపోయి. ఏది ఎవరి మొగ్గదో ఎవరు చెప్పగలరు?

ఎగ్జామినరు మమ్మల్ని పక్కకి పిలిచారు. ఆయన కేకలు వేయలేదు. వేసి ఉంటే బాగుండేది.

"రెండు సీపల్స్, నాలుగు పెటల్స్. ఏమండీ, ఇది ఏ మొక్క వర్ణనో మీకు తెలీదా? గసగసాల మొక్క. అదే కుటుంబం. పుస్తకంలో వర్ణించింది దాన్నే. పోయినసారి వంకాయని అప్పజెప్పాడు, ఈసారి గసగసాలు అప్పజెప్పాడు."

"బ్రహ్మదండిలో కూడా అరుదుగా రెండుంటాయని అంటారు సార్" అన్నాను.

"అంటారు. నా సర్వీసులో నేను చూడలేదు. మీరు చూశారా?"

చూడలేదు. ఆయన అన్నదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు, అదే నన్ను కాల్చింది. ఆ స్థానంలో నేనున్నా అదే అనుకునేదాన్ని.

హెడ్డు గారు వాడి వయసు, సీటు, ఇల్లు అన్నీ ఆయన చెవిన వేశారు. చేతులు కూడా పట్టుకున్నారు. ఎగ్జామినరు ఒక యాలక్కాయ నోట్లో వేసుకున్నారు. తర్వాత వాణ్ణి పిలిచారు.

"చూడు బాబూ. నేను రాక్షసుణ్ణి కాను. చూడకుండా రాశానని ఒక్క మాట ఒప్పుకో. మొక్క పాడైందని రాసుకుని ఇంకో మొక్క ఇస్తాను, గంట టైమిస్తాను. నిన్ను తప్పించాలని నాకేమీ సరదా లేదు. కానీ చూడనిదాన్ని చూశానని నా ముందు నిలబడి చెబితే మాత్రం ఈ వర్ణనకి సున్నా వేస్తాను. తర్వాత నీ ఇష్టం."

వర్ణనకి సున్నా అంటే ప్రాక్టికల్ పోయినట్టే. అంత దయగా ఒక ఎగ్జామినరు మాట్లాడటం నేను మళ్ళీ వినలేదు. లోపల్లోపల ఒప్పుకోరా, ఒప్పుకోరా అనుకుంటున్నాను. హెడ్డు గారైతే పైకే అనేశారు.

"ఒప్పుకోరా నాయనా. ఒక్క మాటతో పోతాది. నీ సీటు ముఖ్యమా, ఆ రేకులు ముఖ్యమా?"

వాడు ఎవరి వంకా చూడలేదు. చెమట గడ్డం మీదకి కారుతోంది, తుడుచుకోలేదు.

"పోయినసారి చూడకుండా రాసినాను సార్. అది తప్పే. ఈసారి చూసినాను. చూసి గూడా చూడలేదని ఎట్టా చెప్పేది సార్?"

"అయితే రెండే అంటావు."

"రెండే సార్."

నిజం చెబుతున్నాను, ఆ క్షణాన వాడి చెంప పగలగొట్టాలనిపించింది. ఎగ్జామినరు కాగితం మీద ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టారు. జవాబు కాగితాలు గుడ్డలో కట్టి, ముడి మీద లక్క వేసి, ఆయనా, కాలేజీ తరఫు ఎగ్జామినరుగా హెడ్డు గారూ సీలు మీద సంతకాలు పెట్టారు. హెడ్డు గారు ఎదురు చెప్పలేదు. యూనివర్సిటీ వాళ్ళంటే ఆయనకి ముందునుంచీ భయం.

మద్రాసు నుంచి బెజవాడ పోయే పాసింజరు అందుకోవడానికి ఎగ్జామినరు స్టేషనుకి వెళ్ళిపోయారు. మా కాలేజీ వెనక మైదానం దాటితే స్టేషనే. అటెండరు నేల ఊడుస్తున్నాడు. ఆ అబ్బాయి బయట మెట్ల మీద సైకిలు ఆనించుకుని కూర్చున్నాడు, ఇంటికి పోవడానికి కాళ్ళు రానట్టు. హెడ్డు గారు కుర్చీలో కూలబడి మీసం కొరుక్కుంటున్నారు.

"కనీసం కడ్యూకస్ అనన్నా రాసినాడా వెధవ! చుట్టాల కథ ఎన్నితూర్లు చెప్పినాను! నేను చూస్తుండంగానే రాలిపోయినాయి అని రాసినాడమ్మా ఇంగ్లీషులో. ఆ సారు దానికింద గూడా ఎర్రగీత కొట్టినాడు."

"ఏమని రాసినాడు?"

"ఫెల్ వైల్ ఐ యామ్ లుకింగ్ అంట! వాడి మొహం. అది బోటనీనా, ఇంటికి రాసే జాబా?"

నేను లేచి నిలబడ్డాను. గసగసాల వర్ణన బట్టీపట్టినవాడు ముందు రాసే మాట కడ్యూకస్. సీపల్స్ రెండు, కడ్యూకస్. పుస్తకంలో ఆ రెండూ విడదీయరానట్టు ఒక్క ఊపిరిలో ఉంటాయి. బట్టీయం పట్టిన ఏ పిల్లవాడూ అంకె గుర్తుపెట్టుకుని మాట మరిచిపోడు, మాట కోసమే వాళ్ళు బట్టీపట్టేది. మాట రానివాడు, రాలుతుంటే చూసినవాడు మాత్రమే అలా రాయగలడు.

"సార్, లేవండి. స్టేషనుకి."

"ఎందుకమ్మా?"

"సీలు పగలగొట్టాలంటే మీరు గూడా ఉండాల. లేవండి!"

హెడ్డు గారిని అలా గద్దించడం అదే మొదటిసారి. మెట్ల మీద నుంచి ఆ అబ్బాయిని రెక్క పట్టి లేపాను. కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని మైదానంలో పరుగెత్తాను. ఊరంతా చూసిందని తర్వాత తెలిసింది, నా పెళ్ళి సంబంధం ఒకటి దాంతోనే తప్పిపోయిందని కూడా అన్నారు. తప్పితే తప్పింది. పల్లేరు ముళ్ళు గుచ్చుకుంటున్నాయి, వెనక హెడ్డు గారి రొప్పు వినపడుతోంది, దక్షిణాన సిగ్నల్ రెక్క అప్పుడే కిందకి వాలింది.

ప్లాట్‌ఫారం మీద బెంచీ ఖాళీ. పెట్టె, గుడ్డ మూట ఉన్నాయి, మనిషి లేడు. చివరకి చూస్తే, ప్లాట్‌ఫారం అంచు దాటి కంకర పక్కన, మెడ దాకా బొత్తాలు పెట్టిన కోటు పెద్దమనిషి గొంతుక్కూర్చుని ఉన్నారు. చుట్టూ బ్రహ్మదండి మొక్కలు. ఒక్కో మొగ్గా తుంచుతూ విప్పుతున్నారు. వేళ్ళు మణికట్టు దాకా పసుపు.

నన్ను చూసి ఆయన సిగ్గుపడలేదు. "అన్నీ మూడేనమ్మా" అన్నారు నీరసంగా. "మంచినీళ్ళు తాగుదామని లేచాను, వీటి దగ్గర కాలాగిపోయింది. అన్నీ మూడే."

నేను చెప్పదలుచుకున్నది చెప్పాను. ఊపిరి అందక సగం సగం వచ్చింది. ఆయన విన్నారు. చేతిలో మొగ్గ అలాగే పట్టుకుని ఆలోచించారు.

"రాయలేదు, నిజమే. కానీ మాట తెలిసి, కావాలని రాయకపోయి ఉండొచ్చు కదా? రమ్మనండి."

అబ్బాయి వచ్చి నిలబడ్డాడు. ఉత్తరానికి పోయే రైలు కూత వినిపించింది. అప్పటికి హెడ్డు గారు కూడా చేరుకుని, అలవాటు కొద్దీ సరిగ్గా ఎగ్జామినరు వెనక నిలబడ్డారు.

"బాబూ, మొగ్గ విచ్చగానే సీపల్స్ రాలిపోతే దాన్ని ఏమంటారు?"

వాడు కళ్ళు మూసుకున్నాడు. నేను ఉద్యోగంలో చేరాక మొదటిసారి, చివరిసారి, నా విద్యార్థికి జవాబు రాకూడదని దేవుడికి మొక్కుకున్నాను. ఏడాది పొడుగునా నోట్లో కుక్కిన మాట ఇప్పుడు వాడి నోట పలికిందా, అంతా గంగపాలు. సరిగ్గా అప్పుడే హెడ్డు గారి మీసాల కింద పెదవులు కదిలాయి. వాడు కళ్ళు తెరిచాడు, ఏళ్ళ అలవాటు మీద చూపు తిన్నగా అక్కడికే పోయింది. హెడ్డు గారు 'క' అని నోరు తెరిచారు. నేను ఏం చేస్తున్నానో తెలియకుండానే ఆయన చేయి పట్టి గట్టిగా గిల్లాను. "అమ్మో!" అన్నారు. ఎగ్జామినరు వెనక్కి తిరిగి చూశారు. హెడ్డు గారు చేయి రుద్దుకుంటూ ఆకాశం చూశారు.

"చెప్పు బాబూ."

"డె... డెసి..." అని ఆగాడు. తల అడ్డంగా ఊపాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "రాదు సార్. మేడం చానాసార్లు చెప్పినారు. నా నోట నిలవదు."

రైలు ఇంజను ప్లాట్‌ఫారం మీదకి వచ్చేసింది. ఆ పొగలో ఎగ్జామినరు మొహం నాకు సరిగా కనపడలేదు. వాడి భుజం మీద చేయి వేయబోయి, పసుపు పాలు చొక్కాకి అంటుతాయని ఆగిపోయారు.

"లక్క ఉందా?" అన్నారు.

పార్శిళ్ళకి సీలు వేసే లక్క స్టేషను మాస్టరు గదిలో ఉంది, దీపమూ ఉంది. మూట విప్పారు. హెడ్డు గారు, ఆయన ఇద్దరూ బల్ల మీద వంగారు. బయట గార్డు ఈల వేస్తున్నాడు, స్టేషను మాస్టరు పచ్చజెండా చంకలో పెట్టుకుని ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తున్నాడు. ఎగ్జామినరు సున్నా కొట్టేసి అంకె వేశారు, సంతకం పెట్టారు. మార్కుల కాగితం మీద పసుపు వేలిముద్ర పడింది. మళ్ళీ మూట కట్టి, మళ్ళీ లక్క కరిగించారు. కదులుతున్న రైల్లోకి పెట్టె మేమే అందించాం.

కిటికీలోంచి ఆయన వాణ్ణి పిలిచి చెప్పిన మాట ఒక్కటే. "మాటకి మార్కు వేయలేదయ్యా. చూసినదానికే వేశాను."

పాసయ్యాడు. గట్టెక్కడానికి ఎన్ని కావాలో అన్నే వచ్చాయి, ఒక్కటీ ఎక్కువ రాలేదు. మత్స్యశాఖలో చేరాడు, మా కోస్తా అంతా తిరిగాడు, పెద్ద ఆఫీసరై రిటైరయ్యాడు. హెడ్డు గారు ఆ తర్వాత ఎన్నాళ్ళో లేరు. మార్సెసెంట్ అని తనని తానే చూపించుకున్న మనిషి, వాడిపోకుండానే రాలిపోయారు. ఆ కబురు విని నేను ల్యాబులో స్టూలు మీద కూర్చుని ఏడ్చాను. గిల్లినందుకు ఆయన నన్ను ఎప్పుడూ ఏమీ అనలేదు, పైగా కొత్త పిల్లలకి చేయి చూపించి "ఈమె గిల్లితే కడ్యూకస్ గూడా పర్సిస్టెంట్ అయిపోతాది" అనేవారు.

తెలుగులో పాఠాలు వచ్చాక ఆ మాటకి సంస్కృతం నుంచి ఒక మాట తెచ్చారు. అదీ పిల్లల నోట నిలవలేదు. నేను మాత్రం ఆ రోజు నుంచీ ఒక పని పెట్టుకున్నాను. ఏటా మాఘం దాటి బ్రహ్మదండి పూసే రోజుల్లో, ఎక్కడ కనపడినా ఆగి మొగ్గలు విప్పేదాన్ని. రైలుకట్ట మీద, బీళ్ళలో, బస్సు ఆగినచోట. మూడు. మూడు. మళ్ళీ మూడు. పిల్లలు నాకు మొగ్గల మేడం అని పేరు పెట్టారు. నా చీరలన్నిటికీ పసుపు మరకలే, చాకలి నన్ను తిట్టుకోని వారం లేదు. ఎందుకు వెతుకుతున్నారని ఎవరైనా అడిగితే, ఊరికే, సరదా అనేదాన్ని.

రిటైరయ్యాక ఒక ఏడు కొడవలూరు దగ్గర మా చెల్లెలి ఊరికి వెళ్ళాను. పొద్దున్నే కాలవకట్ట మీద నడుస్తుంటే బ్రహ్మదండి. అలవాటు కొద్దీ వంగాను. మోకాళ్ళు మొరాయించాయి. ఒక మొగ్గ పట్టుకున్నాను. దాని తల మీద కొమ్ములు రెండే. కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూశాను. రెండే. వేలు తగలగానే తొడుగు రెండు చిప్పలుగా విడిపోయింది, లోపల నలిగిన పసుపు రేకులు నాలుగు. కేక వేయబోయాను. కట్ట మీద ఎవరూ లేరు, మడిలో ఒక కొంగ తప్ప. గాలి వచ్చింది. రెండు చిప్పలూ కాలవ నీళ్ళల్లో పడి కొట్టుకుపోయాయి. ఇంటికి వచ్చి చెబితే మా చెల్లెలు "సరేలే, కాఫీ తాగు" అంది. మీరు నమ్ముతారో లేదో నాకు తెలియదు. చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి అతను నన్ను చూడటానికి వచ్చాడు. అప్పుడప్పుడు వస్తుంటాడు. తల నెరిసింది, మనిషి లావయ్యాడు. కుర్చీలో కూర్చోనిచ్చానో లేదో, ఆపుకోలేక చెప్పేశాను.

"అబ్బయా, చూసినాను! కొడవలూరు కాలవ కట్ట మీద. రెండే! నువ్వు చెప్పినట్టే, రెండు సీపల్స్, నాలుగు పెటల్స్!"

అతను సంతోషపడతాడనుకున్నాను. నా మొహంలోకి చూశాడు. తర్వాత నవ్వాడు. కోపం లేదు ఆ నవ్వులో, అదే నన్ను ఎక్కువ కోసింది.

"నేను ఆ పొద్దే చెప్పినాను గదా మేడం. ఆ సారు ఆ పూటే నమ్మినాడు. మీరు ఇన్నేండ్లూ వెతకతానే ఉన్నారా?"

స్టేషన్లో ఆ రోజు అతనికి మాట దొరకనట్టే, నాకూ దొరకలేదు.